దిగేటప్పుడు తెలుస్తుంది... కర్ర విలువ!

మంచుకొండల్లో ట్రెక్కింగ్‌ అనగానే బూట్లు, స్వెటర్లు, బ్యాగులు... అన్నీ కొనేస్తాం. కర్ర దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘అది ముసలివాళ్లకు కదా’ అంటాం. నిజానికి మోకాళ్లను కాచేది అదే. మరి తక్కువ ధరలో మంచిది ఎంచుకోవడమెలా?

ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో సాంక్రీ అని ఓ చిన్న ఊరుంది. చలికాలంలో మంచు మీద నడవాలని ఉబలాటపడే కొత్తవాళ్లు చాలామంది అక్కణ్నుంచే కేదార్‌కంఠ శిఖరానికి బయల్దేరతారు. ఎత్తు దాదాపు 12,500 అడుగులు. ఎక్కేటప్పుడు ఆయాసం మామూలే. అసలు పరీక్ష దిగేటప్పుడు! ఒంటి బరువూ వీపుమీది బ్యాగు బరువూ అడుగడుగునా మోకాళ్ల మీదే పడతాయి. పైగా కాళ్లకింద జారే మంచు. రెండు చేతుల్లో రెండు కర్రలుంటే ఆ బరువులో కొంత చేతులు పంచుకుంటాయి. వాలులో అలా దిగితే మోకాలి మీద ఒత్తిడి 12 నుంచి 25 శాతం దాకా తగ్గినట్లు 1999లో ఆస్ట్రియా పరిశోధకులు లెక్కగట్టారు.

ప్రాణమంతా లాక్‌లోనే

ట్రెక్కింగ్‌ పోల్‌ అంటే ఒకదాంట్లో ఒకటి దూరే రెండు మూడు గొట్టాలు. వాటిని కదలకుండా పట్టి ఉంచేది లాక్‌. తిప్పి బిగించేది ఒక రకం, క్లిప్పులా నొక్కేది మరో రకం. మంచులోకి వెళ్లేవాళ్లకు రెండోదే మేలు. చేతి తొడుగులు తీయకుండానే నొక్కొచ్చు, పట్టిందో లేదో కంటికి కనిపిస్తుంది. తిప్పేవాటిలో తేమ చేరి గడ్డకడితే పట్టు జారే ప్రమాదం ఉంది. అందుకే కొనేముందు షాపులోనే కర్రను బిగించి, మొన నేలకానించి, మెల్లగా ఒంటి బరువంతా దాని మీద వేసి చూడండి. కాస్త కిందికి జారినా పక్కన పెట్టేయండి.

ఎక్కడ తగ్గొచ్చు?

కార్బన్‌ ఫైబర్‌ తేలిక, కానీ ఖరీదు. అల్యూమినియం కాస్త బరువు, చవక. రాళ్ల మధ్య ఇరుక్కుంటే కార్బన్‌ ఫట్‌మని విరగొచ్చు. అల్యూమినియం చాలావరకు వంగి ఊరుకుంటుంది. వంగిన కర్రతోనైనా కిందికి చేరొచ్చు కదా! అదురును తగ్గించే స్ప్రింగులున్నవాటికి ఎక్కువ పెట్టక్కర్లేదు. మొన మాత్రం గట్టి టంగ్‌స్టన్‌ కార్బైడ్‌దే ఉండాలి.

మొనకు కాస్త పైన గుండ్రటి బిళ్ల ఉంటుంది. దాన్ని బాస్కెట్‌ అంటారు. మట్టి దారులకు చిన్నది చాలు. మెత్తటి మంచులో అదే కర్ర పెరుగులో చెంచాలా దిగిపోతుంది! అక్కడ వెడల్పాటి బిళ్ల కావాలి. గుల్మార్గ్‌ లాంటిచోట బూట్లకింద స్నోషూలు కట్టుకుని నడిచేవాళ్లకైతే అది తప్పనిసరి. కాబట్టి బిళ్ల మార్చుకునే వీలున్న కర్రే తీసుకోండి.

మీ కొలత ఎంత?

నిటారుగా నిలబడి కర్ర పట్టుకుంటే మోచేయి ‘ఎల్‌’ ఆకారంలో వంగాలి. మీ ఎత్తును 0.68తో గుణించినా సరిపోతుంది. 170 సెంటీమీటర్ల మనిషికి సుమారు 115 అన్నమాట. ఎక్కేటప్పుడు 5-10 సెంటీమీటర్లు తగ్గించండి, దిగేటప్పుడు అంతే పెంచండి. గొట్టం మీదున్న హద్దు గీతను మాత్రం దాటించొద్దు.

ఇంకొన్ని...

* ఒక్క ట్రిప్పుకే అయితే అద్దె నయం. సాంక్రీలో అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. తీసుకునేటప్పుడు బరువు వేసి చూడటం మరవొద్దు.

* విమానంలో వెళ్తుంటే చేతి బ్యాగులో కాకుండా చెక్‌-ఇన్‌ లగేజీలో సర్దండి.

* రబ్బరు తొడుగు రోడ్డుకూ రాతి మెట్లకే. మంచులో తీసేయాలి.

* ఇంటికొచ్చాక గొట్టాలు విడదీసి ఆరబెట్టండి. లోపల నూనె రాస్తే లాక్‌ పట్టదు.

కేదార్‌నాథ్‌ వెళ్లే పెద్దవాళ్లు గౌరీకుండ్‌లో ఓ కర్ర కొనుక్కునే నడక మొదలుపెడతారు. వాళ్లకు తెలిసిన సంగతే ఇది. దగ్గర్లోని గుట్ట ఎక్కి రావడానికైతే గట్టి వెదురు కర్ర ఉన్నా చాలు. కానీ మంచు వాలులో కొనేది కర్ర కాదు... కింద పడకుండా ఓ ఆసరా!