ల్యూమెన్

బల్బు కొనడానికి వెళ్తే కొట్టువాడిని మనం ఇప్పటికీ ‘ఎన్ని వాట్లు?’ అనే అడుగుతాం. వాట్లు చెప్పేది బల్బు లాగే కరెంటు సంగతి. అది ఇచ్చే వెలుతురుకు కొలత ల్యూమెన్. పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఇచ్చేది దాదాపు 700-800 ల్యూమెన్లు. కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోయేది. అంతే వెలుతురుకు సీఎఫ్ఎల్‌కు సుమారు 14 వాట్లు, ఎల్ఈడీకి సుమారు 9 వాట్లు చాలు. రోజుకు 5 గంటలు వెలిగిస్తే నెలకు పాత బల్బుకు 9 యూనిట్లు, ఎల్ఈడీకి ఒకటిన్నర యూనిట్ లోపే.

కేంద్రం 2015 జనవరిలో ‘ఉజాలా’ పథకం ప్రారంభించాక ఎల్ఈడీల ధర బాగా దిగింది. 2021లో విజయవాడ ప్రాంతం సహా కొన్నిచోట్ల పల్లెల్లో, పనిచేసే పాత బల్బు తెచ్చిన వారికి 10 రూపాయలకే ఎల్ఈడీ ఇచ్చారు.

సీఎఫ్ఎల్‌ను ఇక కొనకపోవడమే మేలు. అందులో కొద్దిగా పాదరసం ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి, చీపురు పెట్టకుండా ముక్కలను అట్టతో ఎత్తాలి. పిల్లలున్న ఇంట్లో ఆ బెడద ఎందుకు?

ఎల్ఈడీ పెట్టె మీద ల్యూమెన్లను వాట్లతో భాగించి చూడండి. 9 వాట్లకు 900 ఇచ్చేది 720 ఇచ్చేదాని కంటే మెరుగు. స్టార్ గుర్తు కూడా ఈ లెక్క మీదే ఇస్తారు. ఇక వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు. పడకగదికి 2700-3000 కెల్విన్ల పసుపు వెలుగు హాయి. 6500 అంటే తెల్లటి వెలుగు, వంటగదికి బాగుంటుంది.