పట్టా లేనివారి పేదరికం

మంచిర్యాల జిల్లా జైపూర్ మండలంలోని పెగడపల్లి వద్ద సింగరేణి బొగ్గు గనుల సంస్థ నెలకొల్పిన 1,200 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని ప్రధానమంత్రి 2016 ఆగస్టు 7న జాతికి అంకితం చేశారు. ఇందారం బొగ్గు గనులున్నదీ ఈ మండలంలోనే. బొగ్గూ కరెంటూ రెండూ పుట్టే ఇలాంటి చోట, పేదరికమంటే పస్తులుండే ఇల్లేనన్న పాత ఊహతో చూసేవారికి అసలు సంగతి కనిపించదు.

ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణాలకు చెందిన 12 అంశాల్లో కుటుంబానికి ఏమేమి కొరవడ్డాయో లెక్కించే నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ ప్రకారం, తెలంగాణలో పేదల వాటా 2015-16లో 13.18 శాతం ఉండగా 2019-21 నాటికి 5.88 శాతానికి తగ్గింది. ఈ తగ్గుదలను శంకించనక్కర లేదు. అయితే మరుగుదొడ్డి, వంటగ్యాసు, బ్యాంకు ఖాతా ఉన్నాయా అని అడిగే ఈ సూచీ, వచ్చే నెల పని ఉంటుందా అని మాత్రం అడగదు.

బొగ్గు బెల్టులో బతుకుల మధ్య గీత గీసేది ఆ ప్రశ్నే. 1990ల ఆరంభంలో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య, యంత్రాలు పెరిగి, భూగర్భ గనుల స్థానాన్ని ఓపెన్ కాస్టులు ఆక్రమించి, బొగ్గు మీది మట్టిని తొలగించే పని ప్రైవేటు కాంట్రాక్టర్లకు పోయేసరికి దాదాపు 40 వేలకు పడిపోయింది. 2023-24 లాభాల్లో విస్తరణకు కేటాయించినది పోగా మిగిలిన దానిలో 33 శాతాన్ని, అంటే 796 కోట్ల రూపాయలను, పర్మినెంట్ కార్మికులకు దసరా ముందు వాటాగా ప్రకటించగా ఒక్కొక్కరికి సగటున 1.90 లక్షలు వచ్చింది. సుమారు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు దక్కినది మనిషికి 5,000, అదీ మొట్టమొదటిసారి. ఒకే గని దుమ్ము పీల్చిన ఇద్దరి దసరా పండుగల మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు, అది జేబులతో ఆగదు. పెళ్లి సంబంధాల్లో సింగరేణి కొలువు కట్నం రేటును నిర్ణయిస్తుంది, కాంట్రాక్టు ఇంట్లో జ్వరమొస్తే వడ్డీకి అప్పు పుడుతుంది. చుట్టూ ఉన్నవారితో పోల్చితే వెనుకబడి ఉండటాన్ని సామాజిక శాస్త్రవేత్తలు సాపేక్ష పేదరికమంటారు. ఊరివాళ్లు దానికి పేరేమీ పెట్టలేదు కానీ, కంపెనీ క్వార్టరున్న కుటుంబమేదో లేని కుటుంబమేదో అందరికీ తెలుసు.

ఎవరు ఈ గీతకు ఏ పక్కన పడతారన్నది చాలాసార్లు గనులకు భూమి పోయిన నాడే తేలిపోయింది. 1894 నాటి భూసేకరణ చట్టం పరిహారాన్ని ప్రధానంగా భూమిపై హక్కు చూపగలిగిన వారికే ఇచ్చింది గనుక, పట్టాదారుకు డబ్బు, కొన్ని సందర్భాల్లో కంపెనీలో కొలువు దక్కగా, అదే చేనులో కైకిలి చేసినవారికి, అదే పొలాన్ని కౌలు పట్టినవారికి ఏదీ రాలేదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో బతుకుదెరువు సాగించిన కూలీలను, కౌలుదార్లను సైతం బాధిత కుటుంబాలుగా 2013 నాటి కొత్త భూసేకరణ చట్టం గుర్తించింది. 2015 ఆగస్టు 28 నాటి కేంద్ర ఉత్తర్వు ఆ చట్టంలోని పరిహార, పునరావాస నిబంధనలను బొగ్గు భూముల సేకరణ చట్టానికి కూడా వర్తింపజేసింది. ఇది చిన్న మార్పు కాదు. అయినా కౌలు ఒప్పందాలు ఎక్కువగా నోటిమాటతో నడిచే పల్లెల్లో, ఆ మూడేళ్ల సాగుకు సాక్ష్యంగా కౌలుదారు చూపగలిగే కాగితం ఏదీ ఉండదు, పేరున్న కాగితమంతా పట్టాదారు దగ్గరే ఉంటుంది.