పాత ఇంజను – కొత్త బండి

యంత్రం పాతబడినంత మాత్రాన పనికిరానిదైపోదు. దానిలో మిగిలిన సత్తువ ఎంతో గ్రహించి, తగిన పనికి వినియోగించే నేర్పు మనిషికి ఉండాలి. రెండవ ప్రపంచ యుద్ధానంతరం జపాన్‌లో జరిగిన ఒక ప్రయత్నం ఇందుకు నిదర్శనం. 1946లో సోయిచిరో హోండా, సైన్యపు వైర్‌లెస్ సెట్లకు విద్యుత్తునందించిన చిన్న జనరేటర్ ఇంజన్లను దాదాపు 500 కొన్నాడు. వాటికి మార్పులు చేసి సైకిళ్లకు అమర్చాడు. తొలి నమూనాకు పెట్రోలు ట్యాంకుగా ఉపయోగపడినది, చలికాలంలో పడకను వెచ్చబరచుకొనే వేడినీళ్ల డబ్బా! ఆ పాత ఇంజన్ల అనుభవంతోనే 1947లో అతడు సొంత ఇంజనును రూపొందించాడు. 1948లో హోండా మోటార్ కంపెనీ ఏర్పడింది.

చిన్న చక్రాలు, ఇనుపగొట్టాల చట్రం, ఒక చిన్న ఇంజను గల బుల్లి ద్విచక్ర వాహనాన్ని మినీబైకు అంటారు. యంత్రశాస్త్ర సూత్రాలను చేతులతో నేర్చుకోవడానికి ఇది మంచి సాధనం. ఉత్తరాంధ్రలో దీనికి కావలసిన సామగ్రి దుర్లభం కాదు. లారీ పరిశ్రమకు పేరుపొందిన సాలూరు 2022 వరకు విజయనగరం జిల్లాలోనిదే. నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. అటువంటి పట్టణాలలో వెల్డింగు, లేతు పనులు తెలిసిన వారుంటారు. అయితే పని ఇంజను ఎంపికతో మొదలవుతుంది.

మనకు సాధారణంగా లభించే పాత ఇంజన్లు నాలుగు రకాలు. పొలాల్లో వాడే డీజిల్ ఆయిల్ ఇంజను దృఢమైనదే కాని చాలా బరువు. 100 సి.సి. మోటారు సైకిల్ ఇంజనుకు గేర్లుంటాయి. దాని శక్తి ఈ చిన్న బండికి మితిమీరినది. లూనా (1972), టీవీఎస్ 50 (1980) వంటి మోపెడ్ల ఇంజను తేలికైనది. వేగం పెరిగినప్పుడు తనంతట తానే పట్టుకొనే క్లచ్ దానిలోనే ఉంటుంది. చిన్న పెట్రోలు నీటిపంపు ఇంజనుకు గవర్నరు అనే వేగ నియంత్రకం ఉంటుంది. కొత్తగా నేర్చుకొనేవారికి ఈ చివరి రెండే అనువైనవి.

ఎంత శక్తి కావాలి? 60 కిలోల మనిషి, 40 కిలోల బండి కలిసి పదింట ఒకవంతు వాలుగల ఎత్తును గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నాయనుకుందాం. బరువును పైకి చేర్చడానికి దాదాపు 545 వాట్లు, అంటే ముప్పావు అశ్వశక్తి చాలు. గాలి, రాపిడి నష్టాలను కలుపుకొన్నా ఒకటింబావు అశ్వశక్తికి మించదు. కనుక రెండు అశ్వశక్తుల ఇంజను ధారాళంగా సరిపోతుంది. పెద్ద ఇంజను కోసం వెదకడం వృథా ప్రయాస.

పాత ఇంజనును కొనేముందు మంచి వైద్యుడు రోగిని పరీక్షించినట్లు పరీక్షించాలి. స్పార్కు ప్లగ్గు తీసి, ఆ రంధ్రాన్ని బొటనవేలితో మూసి ఇంజనును తిప్పితే గాలి వేలిని బలంగా తోసివేయాలి. తోపు బలహీనంగా ఉంటే పిస్టను రింగులో, వాల్వులో అరిగి ఉండవచ్చు. ప్లగ్గు కొన గోధుమరంగులో ఉంటే దహనం సక్రమంగా జరుగుతున్నట్లు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువగా చేరుతున్నట్లు. ఫోర్ స్ట్రోక్ ఇంజను నీలిపొగ వదిలితే నూనె కాలిపోతున్నదని అర్థం. ఫ్లైవీల్‌ను పట్టుకొని పైకీ కిందికీ కదిపినప్పుడు ఆడితే బేరింగులు అరిగినట్లే.

తీరప్రాంతంలో మరొక జాగ్రత్త అవసరం. ఉప్పుగాలికి కార్బురేటరు, అల్యూమినియం భాగాలు తినిపోతాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వంటి తుపానులు ఈ ప్రాంతాన్ని అతలాకుతలం చేశాయి. తుపాను నీటిలో మునిగిన ఇంజను పైకి శుభ్రంగా కనిపించవచ్చు. లోపలి నూనె పాలు కలిసిన కాఫీ రంగులో ఉంటే నీరు చేరినట్లు గుర్తించాలి.

ఇంజను మంచిదైతే చాలదు. అది న్యాయంగా వచ్చినదై ఉండాలి. వాహనం నుంచి విప్పిన ఇంజనైతే దానిపై చెక్కిన సంఖ్యను రిజిస్ట్రేషన్ పత్రంతో సరిచూడాలి. సంఖ్యను అరగదీసిన ఇంజను ఎంత చౌకగా వచ్చినా ముట్టరాదు.

ఇక మార్పుల సంగతి. పంపు ఇంజను నిమిషానికి 3,600 చుట్లు తిరుగుతుందనుకుందాం. 30 సెంటీమీటర్ల వ్యాసంగల చక్రానికి దానిని నేరుగా కలిపితే, లెక్కప్రకారం బండి గంటకు 203 కిలోమీటర్లు పోవాలి! వాస్తవానికి అది కదలనే కదలదు, ఇంజను ఆగిపోతుంది. ఇంజను వైపు 10 పళ్లు, చక్రం వైపు 60 పళ్లు గల పళ్లచక్రాలను గొలుసుతో కలిపితే వేగం ఆరోవంతుకు, అంటే 34 కిలోమీటర్లకు తగ్గుతుంది. చక్రాన్ని తిప్పే బలం దాదాపు ఆరురెట్లవుతుంది. మధ్యలో క్లచ్ ఉంటేనే బండి ఆగినా ఇంజను ఆగకుండా ఉంటుంది.

వేగం పెంచాలన్న ఉబలాటంతో కొందరు గవర్నరును తొలగిస్తారు. తిరిగే భాగాలపై పడే బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 3,600 చుట్లు 5,400 అయితే వేగం ఒకటిన్నర రెట్లే. బలం మాత్రం రెండుంబావు రెట్లు. దానిని తట్టుకొనేలా రూపొందని ఫ్లైవీల్ పగిలి ముక్కలు ఎగిరిపడవచ్చు. కాబట్టి చేయవలసిన మార్పులు వేరు: రెండు చక్రాలకూ బ్రేకులు, వదలగానే వెనక్కి వచ్చే యాక్సిలరేటరు, ఇంజనును తక్షణం ఆపే స్విచ్చి, గొలుసుకు కప్పు, వేడి సైలెన్సరుకు దూరంగా ట్యాంకు.

చట్టాన్ని కూడా తెలుసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 25 సి.సి.కి మించిన ఇంజనుగల ద్విచక్ర వాహనాన్ని రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డుపై నడపరాదు. పదహారేళ్లు నిండినవారు లైసెన్సు పొంది 50 సి.సి. లోపు మోటారు సైకిల్ నడపవచ్చు. అంతకు మించినదానికి పద్దెనిమిదేళ్లు నిండాలి. మైనరు నేరం చేస్తే సంరక్షకునికి లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధించేలా 2019లో చట్టాన్ని సవరించారు. కనుక ఇంట తయారైన మినీబైకు స్థానం రహదారి కాదు. పెద్దల పర్యవేక్షణలో, శిరస్త్రాణం ధరించి, కంచె గల సొంత ఆవరణలో దానిని నడపాలి.

మినీబైకు ఎంత వేగంగా పోయిందన్నది దాని నిర్మాతకు గీటురాయి కాదు. బ్రేకు వేసిన చోట ఆగిందా, నడిపినవాడు క్షేమంగా దిగాడా అన్నవే గీటురాళ్లు. శక్తిని సంపాదించడం సులభమే. దానిని అదుపులో ఉంచడమే అసలైన విద్య.