బొడ్డు నుంచి చీము వస్తోందా? తేలిగ్గా తీసుకోవద్దు

తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ మూత్రాశయానికీ బొడ్డుకీ మధ్య సన్నని గొట్టం ఉంటుంది. దాని పేరు యురాకస్. సాధారణంగా పుట్టేనాటికి అది మూసుకుపోయి నారలా మారుతుంది. కొందరిలో మధ్యభాగం మూసుకోక, నీరు చేరి తిత్తి ఏర్పడుతుంది. అందులో చీము పడితే బొడ్డు కింద నొప్పి, జ్వరం, బొడ్డు నుంచి రసి రావచ్చు. మనం పసుపు అద్ది ఊరుకుంటాం. అది చాలదు, స్కానింగ్ చేయించాలి.

పెద్దవాళ్లలో అరుదుగా ఇక్కడ క్యాన్సర్ కూడా పుడుతుంది. మూత్రాశయ క్యాన్సర్లలో ఇది 1 శాతం లోపే. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం, ఒక్కోసారి జిగట కనిపిస్తాయి.

ఇలాంటివి తమిళంలోనో కన్నడంలోనో డాక్టరుకు ఎలా చెప్పాలని మనలో చాలామంది మొహమాటపడతాం. రక్తం ఒక్కసారి కనిపించి ఆగిపోయినా, భాష తెలిసినవారిని తోడు తీసుకుని యూరాలజిస్టు దగ్గరకు వెళ్దాం.