విద్యార్థి పత్రము తాకట్టు సరకు కాదు

ఉస్మాన్‌గంజ్ టోకు వర్తకమునకు ప్రసిద్ధి కెక్కిన పేట. బస్తాల లెక్కయు, తూకమును, ధరయు వ్రాసిన చీటీ చేతికి వచ్చువరకు బేరము ముగిసినట్లు అంగడిలో నెవ్వరును తలంపరు. సర్కారు తనకు బాకీ పడినదను కారణమున ఒక వర్తకుడు రైతు చీటీని పెట్టెలో దాచుకొనెనేని, తోడి వర్తకులే వానిని తప్పు పట్టుదురు. సర్కారు బాకీ వేరు, రైతు చీటీ వేరు. అంగడిలో పసివానికి సైతము తెలిసిన యీ న్యాయము మన కళాశాలలలో చెల్లకుండుట మిక్కిలి శోచనీయము.

టీసీ, మార్కుల జాబితా, స్టడీ సర్టిఫికెటు అనునవి చూచుటకు కాగితములే. కాని వానిలో నొకటి లేకున్న పై చదువు లేదు, ఉద్యోగము లేదు, విదేశయాత్ర లేదు. పదునైదేండ్ల శ్రమ యంతయు నొక గుమాస్తా బీరువాలో చిక్కుకొని యుండును. ఈ పత్రములపై పెత్తన మెవరిదను ప్రశ్న మనకు నేడు పుట్టినది కాదు.

పైని జెప్పిన పేట పేరును, ఉస్మానియా విశ్వవిద్యాలయము పేరును ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు నుండి వచ్చినవే. ఆ విశ్వవిద్యాలయమునకు 1917లో ఫర్మానా వెలువడెను. 1919 ఆగస్టులో ఆబిడ్స్ చెంతనున్న గన్‌ఫౌండ్రీలో ఉర్దూ మాధ్యమమున తరగతులు మొదలయ్యెను. ఇరువదేండ్లు నిండకమునుపే, 1938 చివరి నెలలలో, వసతిగృహములలో వందేమాతరము పాడి, నిషేధమునకు లొంగని విద్యార్థులను అధికారులు వందల సంఖ్యలో వెళ్లగొట్టిరి. బహిష్కృతుడను ముద్ర పడినవానికి మరియొక విశ్వవిద్యాలయము తలుపు తెఱచుట సులభము కాదు. అట్టి వేళ నాగపూరు విశ్వవిద్యాలయమును, దాని వైస్ ఛాన్సలరు టి. జె. కేదార్ గారును ఆ విద్యార్థులకు ఆశ్రయ మిచ్చిరి. అట్లు నాగపూరు చేరి చదివినవారిలో పాములపర్తి వెంకట నరసింహారావు గారొకరు. 1991లో వారు భారత ప్రధాని యైరి. నాగపూరువారు ముద్రను మాత్రమే చూచి మనిషిని చూడకుండిన యెడల దేశమునకు కలుగు నష్ట మెంతయో పాఠకులే యూహింపవచ్చును.

ఇక నివాస విషయము. స్థానికు డెవడను తగవు హైదరాబాదు గడ్డకు పాతది. ముల్కీ నిబంధనలు పదునైదేండ్ల నివాసమును ఉద్యోగమునకు అర్హతగా విధించెను. దొంగ ముల్కీ పత్రములపై పుట్టిన కోపమే 1952 సెప్టెంబరులో ఈ నగరపు వీథులలో తుపాకి కాల్పులవరకు పోయెను. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందము తెలంగాణ కళాశాలలలో తెలంగాణ విద్యార్థులకే చోటుండవలెనని చెప్పెను. ఆ మాట నిలువనందుననే 1969లో విద్యార్థులు వీథి కెక్కిరి. 1973లో ఆరు సూత్రముల పథకమును, పిమ్మట రాజ్యాంగమున 371-డి అధికరణమును వచ్చెను. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు విశ్వవిద్యాలయ ప్రాంతములను విభజించి, నూటికి 85 సీట్లు స్థానికుల కని నిర్ణయించెను. అర్హతా పరీక్షతో ముగియునట్లు వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదివినవాడు స్థానికుడు. ఇదిగాక, ఏడేండ్ల చదువును లెక్కించి, ఎక్కువ కాలము చదివిన ప్రాంతమునకు విద్యార్థిని చేర్చు మరియొక దారియు నుండెను.

ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. స్థానికత నిర్ణయము ఇంటి గడపనుండి బడి రిజిస్టరునకు మారెను. తాత ముత్తాతలు ఏ యూర పన్ను కట్టిరను ప్రశ్న వెనుకబడి, బాలుడు ఏ తరగతి ఏ జిల్లాలో చదివెనను ప్రశ్న ముందుకు వచ్చెను. కనుకనే స్టడీ సర్టిఫికెటు పౌరుని హక్కునకు దస్తావేజు వంటి దయ్యెను.

2014 నాటి పునర్విభజన చట్టము పాత ప్రవేశ కోటాలను పదేండ్లపాటు నిలిపెను. ఆ గడువు తీరిన పిమ్మట తెలంగాణ ప్రభుత్వము 2024 జూలై 19న 33వ నంబరు జీవోను వెలువరించి, వైద్యవిద్యలో నాలుగేండ్ల నియమమును మాత్రమే నిలిపెను. తొమ్మిది పది తరగతులు మన జిల్లాలలో చదివి, ఇంటరునకు విజయవాడ పంపబడిన బిడ్డలు దీనిచే చిక్కులలో పడిరి. హైకోర్టు వారి పక్షమున తీర్పు చెప్పెను; సుప్రీం కోర్టునందు, కోర్టుకు వచ్చిన విద్యార్థులకు ఆ యేటికి మాత్రము మినహాయింపు నిచ్చుటకు ప్రభుత్వ మంగీకరించెను. తుదకు 2025 సెప్టెంబరు 1న సుప్రీం కోర్టు నాలుగేండ్ల నియమమును సమర్థించెను.

స్థానికులకు ప్రాధాన్య ముండవలెనను సూత్రముతో మాకు పేచీ లేదు. ఈ ప్రాంతపు ప్రజల పన్నులతో వెలసిన కళాశాల ఈ ప్రాంతపు బిడ్డను ముందు పిలుచుట ధర్మమే. కాని ధర్మమునకు కాలజ్ఞత కూడ నుండవలెను. 2022లో పదవ తరగతి ముగించి పొరుగు రాష్ట్రమున చేరిన బాలునకు 2024లో రాబోవు నియమము నెవరు చెప్పిరి? నాటి లెక్క చూచుకొని తండ్రి కొడుకును పంపెను. బిడ్డ తిరిగివచ్చుసరికి లెక్క మారెను. కోర్టు మెట్లెక్కగలిగినవానికి మినహాయింపు, ఎక్కలేని పేదవానికి మొండిచేయి యగుట మరింత బాధాకరము. నాలుగేండ్ల చదువును కొలబద్దగా తీసుకొన్న ప్రభుత్వము, దానిని మార్చునపుడు నాలుగేండ్ల ముందే చాటవలదా?

ఇంతకన్న హీనమైనది పత్రములను బంధించుట. 2008లో మొదలైన ఫీజు రీయింబర్సుమెంటు పథకము వేలకొలది పేదయిండ్లకు కళాశాల మెట్లు చూపినది. దానిని మేము హర్షించితిమి. కాని సర్కారు సొమ్ము సకాలమున రాకపోగా, పలు ప్రైవేటు కళాశాలలు చదువు ముగించిన విద్యార్థిని నిలిపి, సొమ్ము కట్టి పత్రములు తీసికొమ్మనుచున్నవి. అధ్యాపకులకు జీతము లీయవలసిన యాజమాన్యముల యిక్కట్టు నిజమే. అయినను బాకీదారు సర్కారు, పట్టువడినవాడు విద్యార్థి. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2018 అక్టోబరులోనే ఈ విషయమున స్పష్టముగా నాజ్ఞాపించినది: అసలు పత్రములను చూచి సరిపోల్చుకొని అప్పుడే తిరిగి యీయవలెను, నకళ్లు మాత్రమే ఉంచుకొనవలెను. ఆజ్ఞ కాగితముపై నున్నది. అసలు పత్రములు బీరువాలలో నున్నవి.

డిజిలాకరు వచ్చిన పిదప ఈ బెడద తీరునని కొందరందురు. కొంత తీరవచ్చును. కాని కళాశాల పంపనిదే, విశ్వవిద్యాలయ మెక్కింపనిదే, అందు మాత్రము పత్ర మెట్లు కనిపించును? బీరువా మారినంత మాత్రమున తాళపుచెవి చేయి మారదు.

మా యభిప్రాయమున చేయవలసిన పనులు మూడు. ఒకటి, స్థానికత నియమము మారినయెడల ఆ యేట తొమ్మిదవ తరగతిలో చేరువారినుండియే అమలు కావలెను. రెండు, పరీక్షాఫలితములు వెలువడిన పిదప నిర్ణీత దినములలో పత్రము లీయని కళాశాలపై రోజువారీ జరిమానా పడవలెను. సర్కారు తన బాకీని జాగు చేసినచో వడ్డీతో కళాశాలకు చెల్లింపవలెను. మూడు, శిక్షకు గురియైన విద్యార్థికి తన రికార్డున నేమి వ్రాసిరో చూచుటకును, దానికి బదులు చెప్పుటకును అవకాశము లేనిదే ఏ వ్రాతయు నతని వెంట మరియొక విద్యాలయమునకు పోరాదు. 1938 నేర్పిన పాఠ మిదియే.

భూవసతిగల గృహస్థులును, పట్టణవాసులును ఈ విషయమున నిర్లక్ష్యముగా నుండుట తగదు. పొలము పట్టాను పొరుగువాని చేతిలో విడిచి రాని మనము, బిడ్డ పత్రములను రసీదైన నడుగక కళాశాలకు అప్పగించి వచ్చుచున్నాము. అసలు పత్ర మడిగినచోట 2018 నాటి యాజ్ఞను చూపుడు. తప్పక ఇచ్చినచో వ్రాతపూర్వకముగా రసీదు గైకొనుడు. ఏ తరగతి ఎచ్చట ముగిసిన అచ్చటనే అప్పుడే స్టడీ సర్టిఫికెటు పుచ్చుకొనుడు. నిరంకుశ ప్రభుత్వపు విశ్వవిద్యాలయము విద్యార్థులను వెళ్లగొట్టిననాడు, పరప్రాంతపు విద్యాలయమొకటి వారిని చేరదీసెను. మన మెన్నుకొన్న ప్రభుత్వము క్రింద, మన బిడ్డ తాను సంపాదించుకొన్న పత్రము కొఱకు మన గుమ్మమునందే చేయి చాచి నిలుచుట స్వరాజ్యమునకు శోభ కాదు.