డెలీ మాంసం నిల్వ: కనిపించే చెడు, కనిపించని ప్రమాదం

ఉడికించి లేదా పొగబెట్టి, పలుచని ముక్కలుగా కోసి, మళ్లీ వండకుండానే తినేందుకు విక్రయించే మాంసాన్ని డెలీ మాంసం అంటారు. హామ్, బొలోనా, టర్కీ ముక్కలు ఈ కోవకు చెందినవే. పాశ్చాత్య దేశాలలో నిత్యాహారమైన ఈ పదార్థాలు నేడు హైదరాబాదు, విజయవాడ సూపర్‌మార్కెట్ల శీతల అరలలోనూ చికెన్ సలామీ, సాసేజ్ రూపంలో లభిస్తున్నాయి. ఇటలీ సంప్రదాయపు సలామీ పులియబెట్టి ఎండబెట్టినది. మన అంగళ్లలో అదే పేరుతో లభించేది చాలావరకు ఉడికించిన, తేమ గల మాంసమే. పేరు ఒకటే అయినా నిల్వ గుణం ఒకటి కాదు.

తెలుగు నేలపై ఉప్పుకండం, వట్టి తునకలు నెలల తరబడి నిల్వ ఉండడానికి కారణం తేమ తొలగిపోవడమే. సూక్ష్మజీవులకు అందుబాటులో ఉండే నీటిని నీటి క్రియాశీలతగా కొలుస్తారు. ఇది 0.92 కంటే తగ్గితే లిస్టీరియా సాధారణంగా పెరగలేదు. ఉడికించిన డెలీ మాంసంలో ఇది సుమారు 0.96 నుంచి 0.98 వరకు ఉంటుంది. అందువల్ల దానిని కాపాడేది ముఖ్యంగా చల్లదనమే. అందులోని ఉప్పు, నైట్రైటు సహాయకాలు మాత్రమే.

మాంసం పాడైనట్లు తెలిపే గుర్తులు వాటిని కలిగించే జీవులను బట్టి మారుతాయి. గాలి తగిలే మాంసంపై సూడోమోనాస్ జాతులు పెరిగి దుర్వాసన కలిగిస్తాయి. గాలి తీసిన ప్యాకెట్టులో వాటికి ఆక్సిజన్ అందదు; వాటి స్థానాన్ని లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా ఆక్రమించి మాంసానికి పుల్లని వాసన, రుచి తెస్తాయి. వీటిలో ల్యూకోనాస్టాక్ జాతులు కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేసి ప్యాకెట్టును ఉబ్బిస్తాయి. చక్కెర కలిపిన మాంసంపై తీగలు సాగే జిగురును కూడా ఏర్పరుస్తాయి. ఉపరితలంపై చదరపు సెంటీమీటరుకు బాక్టీరియా సంఖ్య సుమారు కోటి దాటిన తరువాతే ఈ జిగురు చేతికి తెలుస్తుంది. జిగురును కడిగి తినడం నిష్ప్రయోజనం.

రంగు విషయంలో కొంత జాగ్రత్త అవసరం. కోసిన హామ్‌పై వెలుతురు పడినప్పుడు ఇంద్రధనుస్సు వంటి ఆకుపచ్చ మెరుపు కనిపించవచ్చు. అది కండర తంతువులపై కాంతి వివర్తనం వల్ల కలిగేది, చెడిన గుర్తు కాదు. ముక్కను వాల్చి చూస్తే ఆ మెరుపు మారుతుంది. ఎటు తిప్పినా మారని ఆకుపచ్చ మచ్చ వేరు. కొన్ని బాక్టీరియా ఉత్పత్తి చేసే హైడ్రోజన్ పెరాక్సైడ్ మాంసపు వర్ణకాన్ని ఆక్సీకరించడం వల్ల అది ఏర్పడవచ్చు. అటువంటి మాంసాన్ని పారవేయాలి.

పై గుర్తులన్నీ లేకపోయినంత మాత్రాన మాంసం సురక్షితమని నిర్ణయించరాదు. లిస్టీరియా మోనోసైటోజీన్స్ 4 డిగ్రీల సెల్సియస్ వద్ద కూడా నెమ్మదిగా పెరుగుతుంది; సాధారణంగా వాసన, రంగు, రుచి మారవు. ఉడికించినప్పుడు ఇది నశిస్తుంది. అయితే తరువాత ముక్కలు కోసే యంత్రం, బల్ల, మురుగు కాలువల నుంచి మళ్లీ చేరుతుంది. లోహపు సందులలో జీవపొరగా అంటుకున్న ఈ బాక్టీరియాను తొలగించడం కష్టం.

దక్షిణాఫ్రికా అనుభవం దీనికి నిదర్శనం. అక్కడ 2017 జనవరి నుంచి 2018 జూలై వరకు ప్రయోగశాలలో నిర్ధారణ అయిన లిస్టీరియోసిస్ కేసులు 1,060. మరణించినట్లు నమోదైనవారు 216 మంది. బాధితులలో 40 శాతానికి పైగా 28 రోజులలోపు శిశువులే. గర్భంలో ఉండగా తల్లి నుంచి వ్యాధి సంక్రమించడమే దీనికి ముఖ్య కారణం. 2018 జనవరిలో సొవెటోలోని ఒక శిశు సంరక్షణ కేంద్రంలో పిల్లలు అస్వస్థులయ్యారు. ఆ కేంద్రపు ఫ్రిజ్‌లోని పోలనీ అనే చవక మాంసపు చుట్ట దర్యాప్తునకు దారి చూపింది. జన్యుక్రమ పరీక్షలు పోలోక్వానేలోని ఒక కర్మాగారాన్ని గుర్తించగా, మార్చి 4న ప్రభుత్వం ఆ వివరం ప్రకటించింది. వ్యాధి లక్షణాలు బయటపడడానికి కొన్ని వారాలు, గర్భిణులలో ఒక్కొక్కప్పుడు 70 రోజుల వరకు పట్టవచ్చు. అప్పటికి తిన్న ఆహారమేదో గుర్తుండదు. మూలాన్ని కనుగొనడంలో జాప్యానికి ఇదొక కారణం.

కాబట్టి నిల్వలో ముక్కు కంటే క్యాలెండరు నమ్మదగినది. అమెరికా వ్యవసాయ శాఖ సిఫారసు ప్రకారం, తెరిచిన ప్యాకెట్టును లేదా అంగడిలో కోయించుకున్న ముక్కలను 4 డిగ్రీలు లేదా అంతకు తక్కువ ఉష్ణోగ్రతలో ఉంచి 3 నుంచి 5 రోజులలోపు వాడాలి. తెరవని ప్యాకెట్టుకు గడువు రెండు వారాలు; ముద్రించిన గడువు అంతకు ముందే ముగిస్తే అదే ప్రమాణం. తెరిచిన రోజును ప్యాకెట్టుపై రాయడం ఖర్చు లేని పద్ధతి. ఫ్రిజ్ తలుపు అర తరచూ వేడెక్కుతుంది గనుక లోపలి భాగంలోనే, పచ్చి మాంసపు రసం కారిపడని చోట ఉంచాలి. మైనస్ 18 డిగ్రీల వద్ద గడ్డకట్టించితే ఒకటి రెండు నెలలు నాణ్యత నిలుస్తుంది. కానీ లిస్టీరియా చావదు, పెరుగుదల ఆగుతుందంతే.

బయట ఉంచగల వ్యవధి రెండు గంటలు. 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. మన వేసవిలో ఈ రెండవ నియమమే వర్తిస్తుంది. విద్యుత్తు పోయినప్పుడు తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లదనాన్ని నిలుపుతుంది. అంతకు మించి కోత కొనసాగితే ఈ మాంసాన్ని పారవేయడమే మేలు. గర్భిణులు, 65 ఏళ్లు పైబడినవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు దీనిని చల్లగా తినరాదు. లోపలి ఉష్ణోగ్రత 74 డిగ్రీలకు చేరేవరకు, ఆవిరి వచ్చేలా వేడిచేసి తినాలి.