ఆస్పత్రి గడప నుంచి బడి గడపకు

"ఆస్పత్రిలో పని మానుకొని బళ్ళో బిళ్ళలిచ్చే ఉద్యోగానికి పోతావా? ఏందమ్మే, ఎవరైనా ముందుకు పోతారు గాని వెనక్కి పోతారా?"

మా పెద్దమ్మ కూతురు మార్కాపురంలో ఐదేళ్ళుగా చేస్తున్న ప్రైవేటు క్లినిక్ నర్సు పని వదిలి, ఒక బాలికల వసతి పాఠశాలలో ఏఎన్ఎంగా చేరతానన్నప్పుడు ఇంట్లో పెద్దలందరూ అడిగిన ప్రశ్న ఇది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. నేనూ లోలోపల అలాగే అనుకున్నాను. క్లినిక్ అంటే డాక్టరు, మందుల వాసన, సెలైను సీసాలు. బడి అంటే తలనొప్పి బిళ్ళ, మోకాలి దెబ్బకు దూది. చదివిన చదువంతా వృథా పోదా?

తర్వాత ఈ రెండు మూడేళ్ళలో అక్క చెప్పిన సంగతులు, సెలవుల్లో నేను ఆ బడికి పోయి చూసినవి, బి.యస్సీ.లో చదువుకున్న నాలుగు ముక్కలు కలిపి ఆలోచిస్తే మా ప్రశ్నలోనే తప్పుందని తోచింది. అది వెనక్కి పోవడమూ కాదు, ముందుకు పోవడమూ కాదు. అది వేరే పని. ఆ తేడా ఏమిటో విద్యార్థి మిత్రులకు చెప్పాలనే ఈ చిన్న ప్రయత్నం.

మొదట క్లినిక్ సంగతి. మార్కాపురం, కంభం, గిద్దలూరు పట్టణాల్లోని క్లినిక్‌లకు చుట్టుపక్కల పల్లెల నుంచి, నల్లమల అంచు గూడేల నుంచి పొద్దున్నే జనం బస్సులు దిగుతారు. చీటీ రాయడం, జ్వరం చూడడం, బీపీ చూడడం, సూది వేయడం, సెలైను ఎక్కించడం, కట్టు కట్టడం నర్సు పని. పొద్దున ఓపీ, మళ్ళీ సాయంత్రం ఓపీ. "ఎంత సన్నటి నరమైనా చిటికెలో దొరకబుచ్చుకునేదాన్ని. చెయ్యి బాగా తిరిగింది" అంటుంది అక్క. కానీ అక్కడ ఒక నియమం ఉంది. జబ్బు తనంతట తాను నడిచి వస్తేనే నర్సు దాన్ని చూస్తుంది. రాని జబ్బుతో ఆమెకు పని లేదు. వచ్చి పోయిన మనిషి తర్వాత ఏమయ్యాడో ఆమెకు తెలియదు.

బడిలో ఈ నియమం తిరగబడుతుంది. దీనికి గజ్జిని మించిన ఉదాహరణ లేదు.

గజ్జి అనేది కంటికి ఆనని ఒక చిన్న పురుగు వల్ల వస్తుంది. అది చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. మొదటిసారి సోకినవాళ్ళకు దురద వెంటనే రాదు. రెండు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. అంటే ఒంటి మీద ఏ మచ్చా లేకుండా, దురద లేకుండా తిరిగే పిల్ల కూడా పక్కనున్న పిల్లకు దాన్ని అంటించగలదు. క్లినిక్‌లో ఉన్నప్పుడు గోక్కుంటూ వచ్చిన పిల్లకు పూత మందిచ్చి పంపేవాళ్ళు. పదిహేను రోజులకు అదే పిల్ల మళ్ళీ వచ్చేది. మందు మంచిది కాదేమోనని తల్లి అనుకునేది. తప్పు మందుది కాదు. ఇంట్లో, హాస్టల్లో ఆమె పక్కన పడుకునే వాళ్ళెవరికీ మందు పడలేదు, అంతే.

అక్క బడిలో చేరిన మొదటి నెలలోనే ఒక గదిలో ముగ్గురు పిల్లలు గోక్కోవడం చూసింది. ముగ్గురికే మందు రాసి ఊరుకోలేదు. ఆ గదిలో పడుకునే వాళ్ళందరికీ, దురద ఉన్నా లేకున్నా, ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ళ దాకా మందు పూయించింది. మరునాడు దుప్పట్లు, లంగాలు, టవళ్ళు వేడినీళ్ళలో ఉతికించి ఎండలో వేయించింది. వారం ఆగి మళ్ళీ ఒకసారి పూయించింది. "నాకేం లేదక్కా, నాకెందుకు?" అని ఏడ్చిన వాళ్ళున్నారు. ఆ గదిలో గజ్జి మళ్ళీ రాలేదు. మందు అదే, చేసిన మనిషీ ఆమే. క్లినిక్‌లో కుదరని పని ఇక్కడ కుదిరింది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1902లో న్యూయార్క్ నగరంలో గజ్జి, తామర, పేలు, కండ్లకలక ఉన్న పిల్లలను డాక్టర్లు పరీక్షించి బడి నుంచి ఇంటికి పంపేసేవారు. ఇంటి దగ్గర వైద్యం చేసే దిక్కు లేక ఆ పిల్లలు వీధుల్లో తిరిగేవారు. లిలియన్ వాల్డ్ అనే నర్సు తన దగ్గర పనిచేసే లీనా రోజర్స్‌ను ఆ ఏడాది అక్టోబరులో నాలుగు బడులకు పంపింది. ఆమె బడిలోనే పుండ్లు కడిగి మందు వేసింది, సాయంత్రం ఇళ్ళకు పోయి తల్లులకు చెప్పి వచ్చింది. ఏడాది తిరిగేసరికి జబ్బు పేరుతో ఇంటికి పంపే పిల్లల సంఖ్య దాదాపు పదో వంతుకు పడిపోయింది. డాక్టరు జబ్బును గుర్తిస్తే, నర్సు పిల్లను బడిలో నిలబెట్టింది.

మన దేశంలో బడి ఆరోగ్యం గురించి 1946లో భోర్ కమిటీ చెప్పింది, 1961లో రేణుకా రే కమిటీ చెప్పింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం బళ్ళకు వచ్చి పిల్లలను పరీక్షిస్తుంది. అది మంచి పనే. అయితే బృందం ఏడాదికొకసారి వచ్చి పోతుంది. వాళ్ళు రాసిన కాగితం పట్టుకొని ఏ పిల్లకు కళ్ళద్దాలు వచ్చాయి, ఏ పిల్ల గుండె పరీక్షకు పోలేదు అని వెంటపడాలంటే అక్కడే ఉండే మనిషి కావాలి. వసతి బళ్ళలో ఆ మనిషి నర్సు. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మన రాష్ట్రంలో 352 ఉన్నాయి. వాటి సిబ్బందిలో ఏఎన్ఎం ఉంటుంది. సాంఘిక, గిరిజన సంక్షేమ గురుకులాల్లో, నవోదయ విద్యాలయాల్లో కూడా నర్సుల కొలువులున్నాయి.

మా పశ్చిమ ప్రాంతానికి వసతి బడి ఎందుకంత అవసరమో తెలియనిది కాదు. బోర్లు ఎండితే కంది, మిర్చి, పత్తి ఏదైనా ఒకటే. తల్లిదండ్రులు హైదరాబాదో బెంగళూరో పోయి ఇళ్ళ కట్టడం పనిలో కుదురుకుంటారు. పిల్లను హాస్టల్లో వదిలిపోతారు. అలాంటి పిల్లకు జ్వరమొస్తే నుదుటి మీద పడే మొదటి చెయ్యి నర్సుదే.

ఇక కనిపించని జబ్బుల్లో పెద్దది రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో వందకు 59 మందికి రక్తం తక్కువే. ఈ అంకె చదివినప్పుడు అది వేరే వాళ్ళ సంగతి అనుకున్నాను. తర్వాత జువాలజీ ప్రాక్టికల్స్‌లో సాలీ హీమోమీటరు ప్రయోగం వచ్చింది. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేలి రక్తం చుక్క కలిపితే గోధుమరంగుకు తిరుగుతుంది. పక్కనున్న గాజు రంగుతో సరిపోయేదాకా డిస్టిల్డ్ వాటర్ చుక్కలు వేస్తూ గీత చూడాలి. నాది తొమ్మిదిన్నర గ్రాముల దగ్గర ఆగింది. ఉండవలసింది పన్నెండు. చెయ్యడంలో తప్పనుకొని మాష్టారు మళ్ళీ చేయించారు. మళ్ళీ అంతే. మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే పరీక్షల అలసట అనుకున్నాను. ఇంటి దగ్గర మా అమ్మకూ అలాగే వస్తుంది, ఆమె చేను పని అలసట అనుకుంటుంది. దీని కోసం మేమిద్దరం ఏ క్లినిక్ గడపా తొక్కలేదు. తొక్కే వాళ్ళమూ కాదు.

అక్క ఏం చేస్తుందంటే, టర్ముకొకసారి అందరికీ హిమోగ్లోబిన్ చూసి రిజిస్టరులో ఎక్కిస్తుంది. వారానికొక రోజు అన్నం తిన్న తర్వాత నీలం రంగు ఐరన్ బిళ్ళ తన ఎదుటే మింగిస్తుంది. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. మొదట్లో పిల్లలు బిళ్ళను నాలుక కింద పెట్టుకొని బయట ఉమ్మేసేవారు. విరోచనం నల్లగా అవుతోందని భయం. అది ఇనుము వల్లే, ప్రమాదం లేదు అని ముందే చెప్పడం మొదలుపెట్టాక ఉమ్మడం తగ్గింది. బిళ్ళ వేసుకున్న వెంటనే టీ తాగకూడదు, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మ, ఉసిరి పట్టనిస్తాయి. ఆరు నెలలకొకసారి ఆల్బెండజోల్ బిళ్ళ కూడా వేయాలి, లేకుంటే తాగిన రక్తమంతా నులిపురుగుల పాలే.

మా ప్రాంతానికి మరో శాపం ఫ్లోరైడు. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు గుర్తించి 1937లో ప్రకటించింది నాటి నెల్లూరు జిల్లాలోనే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఆ జిల్లావి. మా మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. 1970లో అందరం ఒకే జిల్లాలోకి వచ్చాం. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడు చెడు చేస్తుంది. చిన్నతనంలో పళ్ళు తయారయ్యేటప్పుడే గార మచ్చలు పడతాయి, తర్వాత ఎంత తోమినా పోవు. నీళ్ళు కాచినా ఫ్లోరైడు పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పళ్ళు కనబడతాయని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వే పిల్లలు ఆ బడిలో ఎందరో. "ఇది మీ మురికి కాదే, మీ ఊరి నీళ్ళు" అని అక్క చెప్పిన రోజు ఒక పిల్ల చెయ్యి తీసి నవ్విందట. ఇది ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

ఇదంతా విని బడి పని తేలిక అనుకుంటే పొరపాటు. పోయిన చలికాలంలో ఒక రాత్రి ఒంటిగంటకు ఎనిమిదో తరగతి పిల్లను లేపుకొచ్చారు. సాయంత్రం బొడ్డు చుట్టూ ఉన్న నొప్పి రాత్రికి కుడివైపు కిందికి దిగింది. ఒక వాంతి, కొంచెం జ్వరం. మునివేళ్ళ మీద లేచి మడమలు దించమంటే నొప్పితో ముడుచుకుపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు "గ్యాసేమో, బిళ్ళ ఇచ్చి పొద్దున చూద్దాం" అన్నారు. క్లినిక్‌లో అయితే అక్క తెర పక్కకు తీసి డాక్టరు గారిని పిలిచేది. ఇక్కడ తెర లేదు, డాక్టరు లేడు. అపెండిక్స్ కావచ్చని అనుమానించి, నోటికి ఏమీ ఇవ్వకుండా 108కి ఫోను చేసింది. బెంగళూరులో ఉన్న తండ్రికి ఫోను చేస్తే, "అమ్మా, మేం యాడనో ఉండాం. నువ్వెట్ట చెప్తే అట్ట" అన్నాడట. తెల్లారేసరికి ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ అయింది. పిల్ల కులాసాగా తిరిగొచ్చింది. "ఐదేళ్ళు నా చెయ్యి పనిచేసింది. ఆ రాత్రి నా బుర్ర పనిచేయాల్సొచ్చింది. అంబులెన్సు ఎక్కాక గాని కాళ్ళు వణకలేదు" అని అక్క నాతో అంది.

ఇలా మారదలచుకున్న వాళ్ళకు ఆమె చెప్పే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. ఏఎన్ఎం గాని, జీఎన్ఎం గాని చదివి నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ ఉండాలి. వసతి బళ్ళలో చాలా కొలువులు కాంట్రాక్టువి, కాబట్టి ఎంత కాలానికి, సెలవులెన్ని అని ముందే అడిగి తెలుసుకోవాలి. రాత్రి కూడా పనే, పెళ్ళయిన వాళ్ళు ఇంట్లో మాట్లాడుకొని చేరాలి. తనకు ఇచ్చే అధికారం ఉన్న మందులేవో, లేనివేవో రాసిపెట్టుకొని ఆ గీత దాటకూడదు. దగ్గరి ఆస్పత్రి డాక్టరుతో పరిచయం పెట్టుకోవాలి. ప్రతి పిల్ల తల్లిదండ్రుల ఫోను నంబరు కాగితం మీద ఉండాలి. ఖాళీగా ఉన్నావు కదా అని ఆఫీసు పనులు అంటగడతారు, అక్కడ మెత్తగానైనా కాదనడం నేర్చుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, పిల్ల చెప్పిన రహస్యం స్టాఫ్ రూములో పంచుకోకూడదు. లెక్కల పరీక్ష రోజున వచ్చే కడుపునొప్పి ఒకటి, నెలసరి నొప్పి ఒకటి, ఇంటి మీద బెంగతో వచ్చేది ఒకటి. మూడింటికీ పిల్ల చెప్పే మాట ఒకటే. ఆ తేడా తెలియాలంటే పిల్లకు నర్సు మీద నమ్మకం ఉండాలి.

అక్కకు లోటు లేదని కాదు. సెలైను పెట్టే చేతి వాటం తగ్గిపోతుందేమోనని దిగులు పడుతుంది. తోటి నర్సులు ఒక్కరూ లేని ఒంటరితనం ఉంది. కొలువు పర్మనెంటు కాదు. అయినా మళ్ళీ క్లినిక్‌కు పోతావా అని అడిగితే, "ఈ పిల్లలు పదో తరగతి దాటాలి గదా" అంటుంది.

చివరగా నా మనవి ఒక్కటి. నర్సు వసతి బళ్ళకే ఎందుకు పరిమితం కావాలి? పల్లెల్లో రోజూ నడిచొచ్చే పిల్లల హైస్కూళ్ళను నాలుగైదింటిని కలిపి ఒక నర్సును వేస్తే, గజ్జి, రక్తహీనత, కంటిచూపు చాలావరకు బడిలోనే తేలిపోతాయి. మా మార్కాపురం పలకల మీద ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దుకున్నారు. పలక పట్టే చేతిలో నెత్తురుందో లేదో చూసే మనిషి కూడా బడిలో ఉండాలి కదా!

నా మటుకు నేను నీలం బిళ్ళ మొదలుపెట్టాను, అమ్మ చేత కూడా వేయిస్తున్నాను. మొన్న మళ్ళీ ల్యాబులో చూసుకుంటే గీత పదకొండు దాటింది.